ఊరు ఆమె దగ్గరికి రావాలి

(సోషల్ వర్క్, కామర్స్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన అంశం పెద్దది. ఊళ్లలో జరిగే సంక్షేమ పనులు, ఊరివాళ్లే నడుపుకునే చిన్న వ్యాపారాలు కలిసి, తరతరాలుగా పక్కకు నెట్టేసిన మనుషులకు సమాజంలో చోటు ఎలా కల్పిస్తాయన్నది. దీని గురించి నాకు తెలిసిన కొన్ని ఊళ్లలో ఏం జరిగిందో చెబుతాను. ఎక్కడ బాగా జరిగింది, ఎక్కడ చెడింది, రెండూ చెబుతాను.

మీలో వ్యవసాయం చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. తెలంగాణ పల్లెల్లో కోతలు అయ్యాక వడ్లు ఎక్కడికి తోలతారు? ఐకేపీ సెంటర్‌కు, అంటే ప్రభుత్వం తరఫున వడ్లు కొనే చోటికి. ఐకేపీ అంటే ఇందిరా క్రాంతి పథం. ఆ పేరుతో ఉన్న పథకం ఎప్పుడో పేరు మార్చుకుంది కానీ, రైతు నోట్లో మాత్రం ఆ మాట అలాగే ఉండిపోయింది. ఆ సెంటర్‌ను నడిపేది ఊళ్లోని మహిళా సంఘాలు. తేమ చూసే మిషన్ వాళ్ల చేతుల్లో ఉంటుంది. తేమ 17 శాతం దాటితే ఇంకో రెండు రోజులు ఎండబెట్టమని చెప్పేది వాళ్లే. గోనె సంచులు పంచేది, సీరియల్ నంబర్లు రాసేది, కాంటా దగ్గర నిలబడేది, లారీ వెంట పంపే కాగితం రాసేది వాళ్లే. క్వింటాలుకు ఇంత అని సంఘానికి కమీషన్ వస్తుంది.

ఇప్పుడు ఆ కాంటా దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో చూడండి. చాలా ఊళ్లలో ఆమె కూలి పనికి పోయే ఇంటి మనిషి. నాట్లకు, కలుపుకు వెళ్లేది ఎవరి పొలానికో, ఆ రైతే ఈరోజు తన కుప్ప పక్కన నిలబడి, ఆమె రాసిన సీరియల్‌లో తన వంతు వచ్చేదాకా ఆగుతాడు. మబ్బు పట్టిందంటే టార్పాలిన్ కోసం ఆమెనే అడుగుతాడు. ఏడాదిలో ఈ కొద్ది వారాలే కావచ్చు. అయినా ఆ ఊరికి కావలసిన ఒక పని ఆమె చేతి మీదుగా జరుగుతోంది.

ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. పక్కన పెట్టిన మనిషికి డబ్బు చేరితే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, అది చాలా అవసరం. పింఛను మీదే బతుకుతున్న ముసలివాళ్లను, రేషన్ బియ్యంతో నెల గడిపే కుటుంబాలను నేను దగ్గరగా చూశాను. వాటిని ఉచితాలు అని తేలిగ్గా మాట్లాడేవాళ్లంటే నాకు బాధ కలుగుతుంది. కానీ పింఛను అందుకున్నంత మాత్రాన ఊరు ఆమెను చూసే తీరు మారదు. తన అవసరం కోసం ఊరు ఆమె దగ్గరికి రావలసి వచ్చినప్పుడు మారుతుంది. సంక్షేమం, వ్యాపారం కలవాల్సింది సరిగ్గా అక్కడ.

ఐకేపీ సెంటర్ కథలో రెండో సగం కూడా చెప్పాలి. మీకు తరుగు గొడవ తెలుసు. తాలు ఉందని, తేమ ఉందని చెప్పి మిల్లులో బస్తాకు కొంత కోస్తారు. రైతుకు కోపం వస్తుంది. ఎవరి మీద చూపిస్తాడు? మిల్లర్ ఎక్కడో ఉంటాడు, ఎదురుగా ఉన్నది ఈ ఆడవాళ్లు. మిల్లు మీద వాళ్లకు ఏ అధికారమూ లేదు, తిట్లు మాత్రం వాళ్లకే. ఒక మనిషికి బాధ్యత ఇచ్చి అధికారం సగమే ఇస్తే ఇలాగే అవుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయి? డ్వాక్రా అనే కేంద్ర పథకం 1982లోనే మొదలైంది. కాగితం మీద అది అప్పటి నుంచే ఉంది. కానీ మన దగ్గర దానికి ప్రాణం వచ్చింది నెల్లూరు జిల్లాలో. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రిపూట బడులు పెట్టారు. పగలంతా పొలంలో ఉండే ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. అయితే అసలు విశేషం, ఒకే ఊరి ఆడవాళ్లు రోజూ ఒక చోట కూర్చోవడం. అంతకుముందు వాళ్లకు అలాంటి చోటు లేదు. మగవాళ్లకు రచ్చబండ ఉంది, టీ కొట్టు ఉంది, సారా కొట్టు ఉంది. ఆడవాళ్లు నలుగురు కూడేది నీళ్ల దగ్గర, అదీ బిందె నిండేదాకా.

కూర్చున్నాక ఏం మాట్లాడుకుంటారు? ఇంట్లో సంగతులే. కూలి డబ్బు సారా ప్యాకెట్లకు పోతోందని. దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. సారా పాటలు జరగనివ్వలేదు. పాట అంటే వేలం, ఈ తరానికి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995లో మొత్తం మద్యం మీదే నిషేధం పెట్టారు, తర్వాత రెండేళ్లకే ఎత్తేశారు. దాని మంచిచెడ్డలు వేరే చర్చ.

నాకు ముఖ్యం అనిపించేది ఆ తర్వాత జరిగిన పని. సారా మానిపించాక మిగిలిన కూలి డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందాం అన్నారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. జిల్లా అధికారులు వెనక నిలబడ్డారు. నెలకు ముప్పై రూపాయలు. ఇప్పుడు వింటే నవ్వొస్తుందేమో కానీ, అప్పటి కూలి రేట్లతో అది చిన్న సంగతి కాదు. అదే 1992లో దేశవ్యాప్తంగా 500 సంఘాలను బ్యాంకులతో కలిపి చూద్దామని జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ ప్రయోగం మొదలుపెట్టింది. ఈ రెండూ కలిశాయి. 2000 తర్వాత ఈ సంఘాలను నడిపించే వెలుగు పథకం, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం. ఊళ్లోని సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య, వాటి పైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలుపెట్టినప్పుడు మన అనుభవాన్ని చాలావరకు తీసుకుంది.

ఇక్కడ కామర్స్ విద్యార్థుల కోసం ఒక చిన్న లెక్క. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. పేదవాళ్లకు రాత్రికి రాత్రి ఆసుపత్రి అవసరం పడితే దొరికేది మూడు, అయిదు రూపాయల వడ్డీకి. అయిదు రూపాయలంటే ఏడాదికి 60 శాతం. తర్వాత వచ్చిన పావలా వడ్డీ అంటే 3 శాతం. ఈ తేడా డబ్బులోనే కాదు. అయిదు రూపాయల వడ్డీకి ఇచ్చేది తరచూ ఆమె కూలికి వెళ్లే ఆసామే. అప్పు తీరేదాకా అతని పొలానికే పోవాలి, అతను ఇచ్చిన కూలే తీసుకోవాలి. పక్క ఊళ్లో పది రూపాయలు ఎక్కువ ఇస్తారన్నా పోవడానికి లేదు. సంఘంలో అంతర్గత అప్పు, అంటే తమ పొదుపు నుంచే ఇచ్చుకునే అప్పు, దొరకడం మొదలయ్యాక ఆ ముడి వదులైంది. ఎక్కడికి పనికి పోవాలో తనే తేల్చుకోగలిగింది. స్వేచ్ఛ గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, కానీ ఒక కూలి మనిషికి అది మొదట దొరికేది ఇలాంటి చోటే అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని జహీరాబాద్ వైపు తీసుకెళ్తాను. పస్తాపూర్ అనే ఊరు. ఒకప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాన్ని ఎన్నో ఏళ్లు నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో మనకు దూరమయ్యారు. దాదాపు 75 ఊళ్లలో మహిళా సంగాలు. అక్కడివాళ్లు సంగం అనే అంటారు. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చాలామందికి చదువు లేదు.

వాళ్ల పరిస్థితి ఏమిటి? ప్రభుత్వం పంచిన భూమి కొంత ఉంది. కానీ అది రాళ్ల నేల, పడావు పడి ఉంది. దున్నడానికి ఎడ్లు లేవు, పెట్టుబడి లేదు. రేషన్ షాపులో చవక బియ్యం వస్తున్నాయి కాబట్టి జొన్న పండించాలన్న ఊపు కూడా తగ్గింది. బియ్యం ఎక్కడో కృష్ణా, గోదావరి కింద, పంజాబ్‌లో పండుతుంది, ఇక్కడి నేల బీడుగా ఉంటుంది, ఇక్కడి మనిషి వలస పోతాడు. ఈ చిక్కును ఆ ఆడవాళ్లు బాగా అర్థం చేసుకున్నారు. మన బీళ్లు దున్నుకుంటే మన రేషన్ మనమే పెట్టుకోవచ్చు కదా అన్నారు.

1990ల మధ్యలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో 30కి పైగా ఊళ్లలో ఆ పని చేశారు. పడావు భూమి ఉన్న చిన్న రైతుకు దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి సంగం అప్పు ఇస్తుంది. ఆ రైతు డబ్బు కట్టక్కర్లేదు. కొన్నేళ్లపాటు ఏటా ఇన్ని జొన్నలు సంగానికి కొలవాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేస్తారు. వానాకాలంలో, పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని ఆకలి నెలల్లో, పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇస్తారు. ఆ వచ్చిన డబ్బుతో మళ్లీ ఇంకొంత భూమి సాగు.

ఎవరు పేదలో ఎలా తేల్చారు? ఈ భాగం సోషల్ వర్క్ విద్యార్థులు జాగ్రత్తగా వినాలి. దరఖాస్తులు, సర్టిఫికెట్లు ఏమీ లేవు. ఊరి మధ్య నేల మీద రంగులతో ముగ్గు వేసినట్టు ఊరి పటం గీశారు. ఒక్కో ఇల్లు, ఒక్కో గుర్తు. అందరూ చుట్టూ నిలబడి, ఈ ఇంటికి ఎన్ని గింజలు ఎన్నాళ్లు వస్తాయి, పనిచేసే చేతులు ఎన్ని, భూమి ఎంత అని మాట్లాడుకుని, పేదరికాన్ని బట్టి మెట్లు కట్టారు. ఎవరికి ఎన్ని గింజల కార్డు ఇవ్వాలో అక్కడే తేలింది. పదిమంది ముందు జరిగింది కాబట్టి దొంగ కార్డులకు చోటు తక్కువ. పొట్ట చేతపట్టుకుని బతికే మనిషికి పేదరికం అంటే ఏమిటో తెలుసు. దాని కొలతలు పట్నంలో కూర్చుని రాయనక్కర్లేదని ఆ పటం చూస్తే తెలుస్తుంది.

అందులో ఉన్న సామాజిక సంగతి చూడండి. ఎప్పుడూ ఊరి చివర ఉండి, గింజల కోసం పెద్ద ఇళ్ల వాకిట్లో నిలబడ్డ స్త్రీలు, ఇప్పుడు ధాన్యం కొట్టు తాళం చేతిలో పెట్టుకుని ఎవరికి ఎన్ని గింజలో నిర్ణయిస్తున్నారు. కులాలు చూడకుండా ఆకలి చూసి ఇస్తున్నారు. విత్తనాల విషయంలో కూడా అంతే. కొర్ర, సామ, సజ్జ, రకరకాల జొన్న, కంది, ఉలవ, అనుములు, ఈ పాత రకాలు వాళ్ల ఇళ్లలో ఈత బుట్టల్లో, మట్టి కుండల్లో బూడిద, వేపాకు కలిపి దాచి ఉంటాయి. కావలసినవాళ్లు తీసుకెళ్లి, పంట వచ్చాక రెట్టింపు తిరిగి ఇస్తారు. పెద్ద రైతులు కూడా పాత విత్తనం కోసం ఆ గడపలకే వస్తారు. ప్రతి ఏడాది సంక్రాంతి రోజుల్లో ఆ విత్తనాలన్నీ ఎడ్ల బండ్లకు అలంకరించి పాత పంటల జాతర చేస్తారు. వీలైతే ఒక్కసారి వెళ్లి చూడండి.

రేడియో గురించి చెప్పకపోతే అన్యాయం. 1990ల చివర్లోనే మాచ్‌నూర్‌లో స్టూడియో కట్టారు. లైసెన్స్ మాత్రం లేదు. మన దేశంలో అప్పటికి ఊరివాళ్లకు రేడియో ఇచ్చే నియమమే లేదు. అయినా ఆగలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంగం మీటింగుల్లో వినిపించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చని నిబంధన మారింది. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో గాల్లోకి వచ్చింది. నడిపింది ఇద్దరు దళిత యువతులు, ఇద్దరి పేరూ నర్సమ్మే. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. వాళ్ల మాటలు, వాళ్ల యాస, వాళ్ల పాటలు చుట్టుపక్కల ఊళ్లలో అన్ని కులాల ఇళ్లలో వినిపిస్తాయి. తర్వాత 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో కొర్రల ప్యాకెట్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ గింజను పేదల తిండి అని అందరూ వదిలేసిన రోజుల్లో కాపాడినవాళ్లకు ఆ ధరలో ఎంత వాటా వస్తోంది అన్నది కామర్స్ విద్యార్థులు తీసుకోవలసిన ప్రాజెక్టు. నిజంగా చేయండి, నేను సాయం చేస్తాను.

ఇంకో రకం అనుభవం ములుకనూరు. భీమదేవరపల్లి మండలం, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. అక్కడ 1956లో విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార సంఘానికి దేశంలో పేరుంది. నేను దాని పక్కన పుట్టిన మహిళా డెయిరీ గురించి మాట్లాడతాను. 1990లలో ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు పొదుపు సహకార సంఘాలు పెట్టుకున్నారు. సహవికాస సంస్థ వాళ్లకు అండగా నిలిచింది. పొదుపు పెరిగాక అప్పులు తీసుకుని గేదెలు కొన్నారు. పాలు ఎవరికి అమ్మాలి? దళారీ చెప్పిందే కొలత, చెప్పిందే ధర. మన డెయిరీ మనమే పెట్టుకుందాం అన్నారు. సభ్యుల దగ్గర వాటా ధనం పోగుచేసి, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ నుంచి అప్పు తీసుకుని, 2002లో స్వకృషి పేరుతో పాలు మొదలుపెట్టారు. సభ్యులందరూ స్త్రీలే, పాలకవర్గమూ స్త్రీలదే.

ఇక్కడ చట్టం పాత్ర పెద్దది. 1995లో మన రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. మ్యాక్స్ చట్టం అంటారు. దాని ప్రకారం సంఘం ప్రభుత్వం నుంచి వాటా ధనం తీసుకోదు. అందుకే ప్రభుత్వం పాలకవర్గాన్ని రద్దు చేసి తన మనిషిని కూర్చోబెట్టడం కుదరదు. అంతకుముందు సహకార సంఘాల్లో ఎన్నికలు వాయిదా పడటం, పాలకవర్గం బదులు ప్రభుత్వం పెట్టే పర్సన్ ఇన్‌చార్జిలు రావడం పెద్దవాళ్లకు గుర్తుంటుంది. సొంత డబ్బు, సొంత ఎన్నిక. ఇందాక ఐకేపీ సెంటర్ దగ్గర సగం అధికారం అన్నాను కదా. మిల్లు వాళ్ల చేతిలో లేదు. ములుకనూరులో మిల్లు లాంటిది, అంటే పాల ప్లాంటు, వాళ్లదే. పాలు పరీక్ష చేసేది, వెన్న శాతం రాసేది, ధర తేల్చేది, చివరికి లాభంలో ఎంత బోనస్‌గా ఇవ్వాలో నిర్ణయించేది అన్నీ వాళ్లే. పాల డబ్బు ఆమె పేరు మీద వస్తుంది. గేదె మేపేది ఆడమనిషి, బిల్లు తీసుకునేది మగమనిషి అన్న పాత పద్ధతికి అక్కడ తెరపడింది.

ఇంత మంచి మాటలు చెప్పాక, చెడింది కూడా చెప్పాలి. సంఘం అనే ఈ పద్ధతి బాగా పనిచేస్తోందని తెలిశాక ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అదే దారిలో వచ్చాయి. అవే గ్రూపులు, అదే వారం మీటింగు, అదే ఒకరికొకరు జామీను. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి కాబట్టి, వసూలు చేసే పని ఏజెంట్ చేయనక్కర్లేకుండా పక్కింటివాళ్లే చేశారు. ఆమె ఇంటి ముందు కూర్చున్నారు, గిన్నెలు తీసుకెళ్లారు. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబర్‌లో ఈ కంపెనీలను అదుపు చెయ్యడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది మండల సమాఖ్యల వాటాతో స్త్రీనిధి అనే రుణ సహకార సంస్థ వచ్చింది. అత్యవసరానికి ఫోన్ మీద అడిగితే 48 గంటల్లో అప్పు అందాలన్నది దాని లక్ష్యం.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒకరికొకరు తోడుగా ఉండమని కూర్చోబెట్టిన మనుషులను ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టారు. చేతికి డబ్బు అందడం ఒకటే లెక్క అయితే అప్పట్లో ప్రతి ఇంటికీ కావలసినంత అందింది. కానీ వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు, కష్టం వస్తే గడువు ఇవ్వాలా వద్దా, ఇవేవీ ఆ ఆడవాళ్లు తేల్చినవి కావు. పొదుపు సంఘంలో ఆ ప్రశ్నలన్నీ తీర్మానాల పుస్తకంలోకి వస్తాయి. ఈమె కొడుక్కి జబ్బు చేసింది, రెండు నెలలు ఆగుదాం అని రాసుకుంటారు.

మన సంఘాలు కూడా అందరినీ కలుపుకున్నాయని నేను అనను. గ్రూపులో పదిమంది. వారం వారం పొదుపు కట్టలేని మనిషి మొదట ఫైన్ కడుతుంది, తర్వాత మీటింగుకు రావడానికి సిగ్గుపడుతుంది, చివరికి మానేస్తుంది. బ్యాంకు గ్రూపుకు గ్రేడ్ ఇస్తుంది. గ్రేడ్ తగ్గకూడదని మిగతావాళ్లే ఆమెను మానెయ్యమంటారు. వలస వెళ్లేవాళ్లు, ఒంటరి స్త్రీలు, మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు, ఇలాంటివాళ్లే ముందు జారిపోతారు. అంటే ఎవరి కోసం సంఘం పెట్టామో వాళ్లే బయట ఉంటారు. వెలుగు రోజుల్లో దీన్ని గమనించి వికలాంగులకు విడిగా సంఘాలు పెట్టారు. గ్రామ సమాఖ్య టోకున బియ్యం కొని సభ్యులకు అప్పుగా ఇచ్చే పద్ధతి కూడా అప్పటిదే. చేతిలో రొక్కం లేని ఇల్లు కూడా సంఘంలో నిలవడానికి అది పనికొచ్చింది. అలాంటి పనులు మళ్లీ మళ్లీ చెయ్యాలి, ఒకసారి చేసి ఊరుకుంటే సరిపోదు. గ్రూపు లీడర్లు ఏళ్ల తరబడి మారకపోవడం ఇంకో జబ్బు. బుక్ కీపర్‌కు లెక్క వచ్చు, మిగతావాళ్లు వేలిముద్ర వేస్తారు. అక్కడ అధికారం ఒక పెద్దింటి నుంచి ఇంకో చిన్న ఇంటికి మారింది, అంతే.

కేరళలో ఒక ఉదాహరణ ఉంది. అక్కడి మహిళా సంఘాల సంస్థ కుటుంబశ్రీ 1998లో మొదలైంది. 2017లో కొచ్చి మెట్రో ప్రారంభమైనప్పుడు స్టేషన్లలో పనులకు ఆ సంస్థ ద్వారా వందల మంది స్త్రీలను తీసుకున్నారు. వాళ్లలో 23 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఉన్నారు. దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిన పనే. కానీ కొద్ది రోజులకే వాళ్లలో కొందరు ఉద్యోగం మానేశారు. కారణం పని కాదు, జీతం ఒక్కటే కూడా కాదు. నగరంలో వాళ్లకు ఎవరూ గది అద్దెకు ఇవ్వలేదు. లాడ్జిలో ఉంటే జీతమంతా దానికే సరిపోతుంది. ఉద్యోగం ఇచ్చే గేటు తెరుచుకుంది, ఇంటి గేట్లు మూసే ఉన్నాయి. ఎవరినైనా లోపలికి తీసుకురావాలనుకుంటే ఆ మనిషి రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతుందో, రాత్రి ఎక్కడ పడుకుంటుందో అంతా చూడాలి. హైదరాబాద్‌లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే, దయచేసి ఆలోచించండి.

వ్యాపారం గురించి నాలుగు మాటలు. సంఘాలకు శిక్షణ అనగానే పచ్చళ్లు, అగరుబత్తులు, ఫినాయిలు, కొవ్వొత్తులు. మూడు రోజులు నేర్పించి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. తయారుచెయ్యడం వాళ్లకు రాక కాదు నష్టపోయేది, అమ్ముకోవడానికి చోటు లేక. ప్రదర్శన పెట్టిన నాలుగు రోజులు అమ్ముడవుతాయి. మిగతా ఏడాది? ములుకనూరు నిలబడిందంటే, పాలు రోజూ తాగేవాళ్లు ఉన్నారు కాబట్టి. ఐకేపీ సెంటర్ నడుస్తోందంటే, కొనేది ప్రభుత్వం కాబట్టి. తెలంగాణలో 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు, క్యాంటీన్లు ఇస్తున్నారు. ఇది నాకు నచ్చిన మార్పు. ఖాయమైన ఆర్డర్ ఉంటే కుట్టుమిషన్ కొన్న ఇల్లు అప్పుల్లో పడదు. అయితే డబ్బులు సకాలంలో చెల్లించాలి. బిల్లు ఆలస్యమైతే వడ్డీ ఎక్కేది ఆమె నెత్తినే.

మీలో సొంత వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ఉన్నారని మీ లెక్చరర్ గారు చెప్పారు. మంచిది. మీ సరుకు ఎవరి దగ్గర కొంటారు, ఎవరిని పనిలో పెట్టుకుంటారు, ధర ఎవరితో కూర్చుని తేలుస్తారు అన్నవి పేపర్ మీద లెక్కలు వేసేటప్పుడే రాసుకోండి. తర్వాత చూద్దాం అనుకుంటే ఆ తర్వాత రాదు.

సోషల్ వర్క్ వాళ్లు వచ్చే నెల ఫీల్డ్ వర్క్‌కు వెళ్తున్నారు. గ్రామ సమాఖ్య ఆఫీసుకు వెళ్లగానే మీకు మంచి గ్రూపును చూపిస్తారు, టీ ఇస్తారు, లీడర్ బాగా మాట్లాడుతుంది. వినండి. విన్నాక ఒక ప్రశ్న అడగండి, గత అయిదేళ్లలో గ్రూపు మానేసినవాళ్లు ఎవరు అని. వాళ్ల ఇళ్లకు వెళ్లండి. మీ రిపోర్టు అక్కడి నుంచి మొదలుపెట్టండి. తీర్మానాల పుస్తకం కూడా చూపించమనండి. మీటింగులో ఎవరెవరు మాట్లాడారో, అందరి సంతకాలూ ఒకే చేతిరాతలో ఉన్నాయేమో చూస్తే చాలా అర్థమవుతుంది.

కామర్స్ వాళ్లకు దగ్గర్లోనే పని ఉంది. మీ హాస్టల్ మెస్‌కు కందిపప్పు, కారం, పసుపు ఎవరు సరఫరా చేస్తున్నారో కనుక్కోండి. ఈ మండల సమాఖ్యలో అవి తయారుచేసే సంఘాలు ఉన్నాయా, ఏ ధరకు ఇవ్వగలరు, నెలకు ఎంత కావాలి, ప్యాకింగ్, లైసెన్స్, బిల్లు ఎలా అన్నది లెక్క కట్టండి. ఆ లెక్క కుదిరితే కాగితం మీద పెట్టి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. ఆయన ఇక్కడే కూర్చుని వింటున్నారు, కాదనరని నా నమ్మకం.

ఇక మీరు అడగండి. ముందు అమ్మాయిల వైపు నుంచి మొదలుపెడదాం, మైకు అటు ఇవ్వండి.